మైనం బంతుల్లో కొసరు

మా మామయ్య చేతికి ఒక జబ్బుండేది. కొలత దగ్గర ఆగేది కాదు. లీటరు నూనె అడిగితే లీటరు పోసి, సీసా మూతి దగ్గర కన్ను పెట్టి చూసి, "చాలా? ఇంకాస్త పట్టు" అంటూ మరో ధార వదిలేవాడు. అడిగినవాళ్లకీ పోసేవాడు, అడగనివాళ్లకీ పోసేవాడు. చిన్నప్పుడు నేను సీసా లేకుండా కొట్టుకు వెళ్లి ఊరికే అరచెయ్యి చాపి నిలబడితే, అందులోనే నాలుగు చుక్కలు వేసి, "తలకు రాసుకో, బుర్ర చల్లబడుతుంది" అనేవాడు. నా బుర్ర ఎన్నడూ చల్లబడలేదు, అది వేరే సంగతి. వీధి వీధంతా ఆయన్ని కొసరు మామయ్య అనే పిలిచేది. ఆయన కంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ కొట్టు పోయింది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. అమ్మ పెళ్లి మాటెత్తినప్పుడల్లా "చూద్దాంలే అక్కా" అనేవాడు. చూస్తూ చూస్తూ ఉండగానే జుట్టు తెల్లబడింది. "ఇంకో కొట్టు దొరికేదాకా మా ఇంట్లో ఉండరా" అని అమ్మ తీసుకొచ్చింది. ఆ దొరికేదాకా అన్న మాటకు గడువెవరూ పెట్టలేదు.

మా ఇల్లు నాన్న షెడ్డు మీద ఉండేది. కింద పని, పైన కాపురం. మధ్యలో మెట్లు మలుపు తిరిగే చోట ఒక గది ఉండేది, ఒకప్పుడు సామాన్లు పడేసుకునేది. అందులో మామయ్యకు మంచం వేశారు. ఆ గదికి కిటికీ ఉంది గానీ అది బయటికి తెరుచుకోదు, షెడ్డులోకి తెరుచుకుంటుంది. తెరిస్తే మైనం కాగే తొట్టెలు కనబడతాయి, మూస్తే గోడ కనబడుతుంది. ఏ కాలంలోనైనా ఆ గది వెచ్చగా, జిడ్డు వాసనతో ఉండేది. ఉదయం లేచి మెట్లు దిగితే పని, సాయంత్రం మెట్లెక్కితే భోజనం, మళ్లీ సగం మెట్లు దిగితే పడక. ఆయన వీధిలోకి రావాల్సిన అవసరమే లేకుండా మా ఇల్లు ఆయనకు అన్నీ అమర్చి పెట్టింది. కుడితిలో పడ్డ ఎలుకను చూసి, తిండికి లోటు లేదు కదా అనుకున్నట్టుంది మా వ్యవహారం.

నాన్న తయారు చేసేవి మైనం బంతులు. గట్టి ప్లాస్టిక్ డొల్లలో మైనం పోసి, మూత అతికించి, నీళ్ల ట్యాంకులో వేస్తారు. పగలు ఎండకు కాగిన నీళ్లు ట్యాంకులో తిరుగుతుంటే బంతుల్లో మైనం కరుగుతుంది. తెల్లారి చల్లటి నీళ్లు వస్తే ఆ మైనం మళ్లీ గడ్డకడుతూ దాచుకున్న వేడిని వాటికిస్తుంది. కరిగేటప్పుడు మింగడం, గడ్డకట్టేటప్పుడు కక్కడం, అంతే. మింగడం కొంత బాగానే మింగేవి. కక్కడం దగ్గరే పేచీ.

ఆ పేచీ ఆసుపత్రి ట్యాంకు దగ్గర బయటపడింది. నాన్న చేసిన వాటిలో అదే పెద్దది. ఉన్నదంతా దాని మీదే పెట్టాడు. ఉదయం మొదటి బకెట్లు చెయ్యి కాలేంత వేడిగా వచ్చేవి, ఆ తరవాత గోరువెచ్చన, ఆ తరవాత ఉత్త నీళ్లు. పురుళ్ల వార్డు ఆయా ఒకావిడ నాన్నకు ఫోన్ చేసి, "బాబూ, ముందు వచ్చినవాళ్లకి స్నానం, వెనక వచ్చినవాళ్లకి జ్వరమూనా?" అని అడిగింది. నాన్న ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. మరునాడే ఒక ఇంజినీరును పెట్టుకున్నాడు.

ఇంజినీరమ్మ అంటే మేమంతా ఎవరో పెద్దావిడ అనుకున్నాం. వచ్చింది చూస్తే నాకంటే నాలుగేళ్లు పెద్దదేమో, కళ్లజోడు, భుజానికి సంచీ, తనలో తాను మాట్లాడుకునే అలవాటు. అప్పుడు నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను, సెలవుల్లో షెడ్డులోనే తిరుగుతుండేదాన్ని. ఆవిడ రావడం రావడమే ఆసుపత్రిలో నీళ్లు చల్లబడిపోయిన సమయానికి ట్యాంకులోంచి ఒక బంతిని తీసి, వెంటనే షెడ్డుకు తెచ్చి, రంపంతో రెండుగా కోసింది. మేమందరం వంగి చూశాం. డొల్లను అంటుకుని తెల్లటి గట్టి పొర. దాని వెనక ఇంకా కారుతున్న వేడి మైనం. నట్టనడుమ అసలు కరగనే కరగని ఉండ.

"గోడ వైపు మైనం ముందు గడ్డకడుతుంది. ఇక ఆ గడ్డే దుప్పటిలా అడ్డుపడుతుంది. వెనకున్న వేడికి బయటికి రావడానికి దారి లేదు" అంది ఆవిడ. "మైనంలో వేడి పాకడం చాలా నెమ్మది. అందుకే లోపలికి పోవాల్సిందీ నడుమ దాకా పోలేదు, రావాల్సిందీ రాలేదు."

"మరి బయట నీళ్లు చల్లగా ఉన్నాయి కదా?" అన్నాడు నాన్న.

"బయటికి చల్లగానే ఉంటుందండీ. లోపల కాలుతూనే ఉంది."

అందరూ బంతి వైపు చూస్తున్నారు. నేను మామయ్య వైపు చూశాను. ఆయన నవ్వుతూ తొట్టె కలుపుతున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి, దేనికీ చిరాకు పడడు, ఏదీ అడగడు అని మా ఇంట్లో అందరం ఆయన గురించి చెప్పుకునేవాళ్లం. పైకి చల్లబడ్డ మనిషి లోపలా చల్లబడ్డాడనుకోవడం మేమందరం కలిసి చేసిన తెలివితక్కువ పని. నాకది తెలియడానికి మిల్లావిడ రావాల్సొచ్చింది.

మిల్లావిడది నూనె మిల్లు. మామయ్య కొట్టు ఉన్న రోజుల్లో ఆయనకు సరుకు పంపిన మనిషి. ఒకరోజు మధ్యాహ్నం షెడ్డులోకి వచ్చి, చెమట తుడుచుకుంటూ, "ఏవయ్యా కొసరు, నూనె పోసే చేత్తో మైనం పోస్తున్నావా? నీకేం కర్మ?" అంది. మిల్లు ముందర అమ్మకాల బల్ల పెడుతోందట. దాని వెనక కూర్చోవడానికి నమ్మకమైన మనిషి కావాలట. పంట మిల్లుకు చేరేలోపల రావాలి. వెనక ఉండడానికి గది కూడా ఉంది.

"కిటికీ ఉందా అమ్మా?" అన్నాడు మామయ్య.

"ఉండకేం?"

"ఎటు వైపు?"

"వీధి వైపు. ఎందుకూ?"

"ఊరికే" అన్నాడు. ఆ రోజంతా ఏ పని చేస్తున్నా పెదవుల మీద అదే నవ్వు. సాయంత్రం తన గదిలో ఇనప పెట్టె దులుపుతుంటే నేను వెళ్లాను. "వీధి చూసి ఎన్నాళ్లయిందో తెలుసా అమ్మాయ్? మనుషులు నడుచుకుంటూ పోవడం, ఊరికే, నాతో పని లేకుండా... అది చూడాలని ఉంది" అన్నాడు. మా ఇంట్లో ఇన్నేళ్లుండి ఆయన ఇది కావాలి అని అడగడం నేను వినడం అదే మొదలు. నాకు సిగ్గేసింది, నాన్న మీద కోపమూ వచ్చింది.

నాన్నతో చెప్పడానికి మామయ్య భోజనం దాకా ఆగాడు. నాన్న విని, "ఆసుపత్రి వాళ్లు ట్యాంకు ఒప్పుకోగానే వెళ్లు. నేనెందుకు కాదంటాను? మధ్యలో వదిలేసి పోతే నా పరువేం కావాలి?" అన్నాడు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు, తమ్ముడు మీ బతుకే కోరుతున్నాడు కదండీ అని అమ్మ మధ్యలో అందుకుంది. ఆవిడ పాట్లు ఆవిడవి, అడకత్తెరలో పోకచెక్క. నాన్నను దుర్మార్గుడని నేననను. మునిగేవాడు పక్కనున్నవాడి చొక్కా పట్టుకుంటాడు, అలా పట్టుకున్నాడు. మామయ్యకు మాత్రం ఆ మాట చాలు. ట్యాంకు ఒప్పుకోవాలి, తను వెళ్లాలి. ఆ రోజు నుంచి ఇంజినీరమ్మ ఏం చెప్పినా ముందుండి చేశాడు.

ఆవిడ చాలా రకాలుగా ప్రయత్నించింది. బంతులు చిన్నవి చేద్దామంది, ఖర్చు లెక్క కుదరలేదు. మైనంలో లోహపు పొడి కలిపి చూసింది, నాలుగుసార్లు కరిగేసరికి పొడి అడుగుకు దిగిపోయింది. చివరికి పల్చటి అల్యూమినియం రేకును పువ్వులా మడిచి, రెక్కల కొసలు డొల్ల గోడను తాకేలా లోపల దూర్చింది. నడుమనున్న వేడి ఆ రేకు వెంట గోడ దాకా నడిచొస్తుందట. ముందుగా కొన్ని బంతులు తన చేత్తోనే నింపి, కలిసిపోకుండా మూత మీద ఎర్ర రంగు చుక్క పెట్టి, చిన్న తొట్టెలో పరీక్షించింది. నీళ్లు చివరి చెంబు దాకా వేడిగానే వచ్చాయి. నాన్న ఆ చెంబులో వేలు ముంచి, తీసి, మళ్లీ ముంచాడు.

ఇక ట్యాంకుకు సరిపడా బంతులు నింపాలి. నింపడం మామయ్య పని. ఇంజినీరమ్మ డొల్ల మీద గీత చూపించి, "ఇక్కడి దాకా పోయండి. పైన వెలితి ఉండాలి. మైనం కరిగితే ఉబ్బుతుంది, దానికి చోటు కావాలి" అంది. మామయ్య తలూపాడు. గీత దాకానే పోశాడు కూడా. అందులో అబద్ధం లేదు. కానీ మైనం చల్లారితే కుంచించుకుపోతుంది, నడుమ గుంట పడుతుంది. వరసగా పేర్చిన బంతుల్లో ప్రతి దాని నడుమా ఒక గుంట. మూత వేయబోతూ మామయ్య ఆ గుంట చూసేవాడు. జీవితమంతా సీసా మూతి దగ్గర కన్ను పెట్టి చూసిన మనిషికి అది గుంటలా కనబడలేదు, తక్కువ తూకంలా కనబడింది. చేతిలో గరిటె ఉంది, గరిటెలో మైనం ఉంది. చెయ్యి దానంతటదే వంగింది. చాలా? ఇంకాస్త పట్టు.

ఎవరూ చూడలేదు. దాచాలని ఆయనకూ లేదు. ఊపిరి పీల్చడం ఎవరైనా దాస్తారా?

బంతులు ఆసుపత్రికి వెళ్లాయి. మామయ్య ఇనప పెట్టె సర్దుకుని మంచం కింద నుంచి తీసి తలుపు దగ్గర పెట్టుకున్నాడు. అమ్మ ఆయనకు రెండు కొత్త తువ్వాళ్లు కొంది. ఎండ బాగా కాసింది, ట్యాంకు బాగా కాగింది. ఆ మర్నాడు ఆసుపత్రి కుళాయిల్లోంచి నీళ్లతో పాటు మైనం ముక్కలు వచ్చాయి. ట్యాంకు మూత తీస్తే పైన తెట్టులా తేలుతోంది. సగానికి పైగా బంతులు అతుకు దగ్గర పగిలి ఉన్నాయి.

నాన్న అరుపులు వీధి చివర దాకా వినబడ్డాయి. "రేకులు! ఆ రేకుల కొసలు డొల్లను కోసేశాయి. బంగారం లాంటి బంతుల్లో కత్తులు పెట్టించావు కదమ్మా!" ఇంజినీరమ్మ ఒక పగిలిన డొల్లను చేత్తో తిప్పుతూ, కొసలు గుండ్రంగానే కత్తిరించానండీ, పరీక్షలో ఒక్కటీ పగల్లేదండీ అని మెల్లిగా అంటోంది. ఎందుకు పగిలాయో ఆవిడకూ తెలియడం లేదు. నాన్న తేల్చేశాడు. రేకులు వద్దు, ఏమీ వద్దు. షెడ్డులో పాత బంతులున్నాయి, అవే మళ్లీ వేద్దాం. గోరువెచ్చనైనా సరే, మైనం రాకుంటే చాలని ఆసుపత్రి వాళ్లు అంటున్నారు. ఇంజినీరమ్మ రేపట్నుంచి రానక్కర్లేదు. తరవాత మామయ్య వైపు తిరిగి, "నువ్వు ఆ ట్యాంకు ఖాళీ చేసి పాతవి వేసెయ్. వేసి నీ దారిన నువ్వు వెళ్లు. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు" అన్నాడు.

అంటే తలుపు తెరుచుకుంది. మామయ్య కళ్లలో వెలుగు నాకు కనబడింది. రేపు ఉదయం మిల్లావిడ బండి పంపిస్తానంది.

ట్యాంకు ఖాళీ చేయడానికి నేనూ తోడు వెళ్లాను. నీళ్లు ఇంకా వేడిగా ఉన్నాయి. మామయ్య ఒక్కో బంతినీ చిల్లుల గరిటెతో తీసి ఇస్తుంటే, పగిలినవి ఒక గంపలో, బాగున్నవి ఇంకో గంపలో వేస్తున్నాను. ఇంజినీరమ్మ పరీక్షించిన బంతులు కూడా ఇందులోనే కలిపారు. కాసేపటికి మామయ్య చెయ్యి ఆగింది. బాగున్న గంపలోకి వంగి చూశాడు. ఎర్ర చుక్క బంతులన్నీ అందులోనే ఉన్నాయి. పగిలిన గంపలో ఒక్క ఎర్ర చుక్కా లేదు.

ఒక ఎర్ర చుక్క బంతిని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల మైనం గలగలా తొణికింది. తను నింపిన వాటిలో పగలని బంతిని తీసి ఊపాడు. చప్పుడు లేదు. ఇంకోటి ఊపాడు. లేదు. నిండు కుండ తొణకదని మనవాళ్లు మెచ్చుకుంటారు గానీ, ఆ బంతులకు తొణకడమే ఆరోగ్యం. ఆయన బంతిని ఒళ్లో పెట్టుకుని ట్యాంకు అంచు మీద కూర్చుండిపోయాడు.

"రేకులు కాదే అమ్మాయ్" అన్నాడు. "నేను."

నాకు విషయం అర్థమయ్యేసరికి క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆయన నోరు మూయాలనిపించింది. "ఎవరికీ చెప్పకు మామయ్యా. నీకేం పట్టింది? పాత బంతులు వేసేద్దాం, రేపు బండెక్కి వెళ్లిపో. నువ్వు చెప్పావనుకో, ఇవన్నీ మళ్లీ నింపాలి. పంట వచ్చేస్తుంది, మిల్లావిడ ఆగదు. ఆ గదిలోనే చస్తావు" అన్నాను. నేను తప్పుగా అన్నానని ఇప్పటికీ అనుకోను. ఎవరైనా ఒక మనిషి ఆయన పక్షాన అరవాలి కదా, అరిచాను.

ఆయన ఒళ్లోని బంతిని గంపలో పెట్టాడు. తరవాత, "ఆ పిల్ల సంచీ సర్దుకుంటోందే" అన్నాడు. అంతే. లేచి పంచె పిండుకుని నడిచాడు.

మేం షెడ్డుకు వెళ్లేసరికి నాన్న బల్ల దగ్గర ఉన్నాడు. ఇంజినీరమ్మ తన థర్మామీటర్లు గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకుంటోంది. అమ్మ మెట్ల గుమ్మంలో ఉంది.

"బావా, రేకుల తప్పు కాదు. నేను కొసరు పోశాను."

"ఏం పోశావు?"

"కొసరు."

నాన్న ముందు నవ్వాడు. అందులో వేళాకోళం లేదు, నిజంగానే నవ్వొచ్చింది. "మైనానికి కొసరేంట్రా? ఎవరడిగారు, బంతి అడిగిందా?" అన్నాడు. ఆ నవ్వు మధ్యలోనే సంగతి తలకెక్కింది. మొహం మారిపోయింది.

ఇంజినీరమ్మ సంచీ కింద పెట్టేసింది. "చల్లారాక పోశారా?"

"గుంట పడింది కదమ్మా. గుంటతోనే మూత వేస్తే ఎవర్నో మోసం చేస్తున్నట్టుంటుంది."

"మొదట్నుంచీ అలాగేనా? పాత బంతులకు కూడా?"

"అన్నిటికీ."

ఆవిడ తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. ఆ తరవాత మాకు చెప్పింది. ఇదివరకు నడుమ మైనం పూర్తిగా కరిగేదే కాదు, అందుకే కొసరుకు కూడా చోటు దొరికింది. ఇప్పుడు రేకులు వేడిని నడుమ దాకా తీసుకెళ్లాయి, అంతా కరిగింది, ఉబ్బింది, పగిలింది. "అంటే రేకులు పని చేశాయి" అని కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నాన్న తల పట్టుకుని, "మరి ఇవన్నీ మళ్లీ ఎవరు నింపుతారు?" అన్నాడు.

"నేనే" అన్నాడు మామయ్య. గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మళ్లీ నింపడం మాటలు కాదు. పగిలినవి పోను మిగతా వాటి మూతలు కోయాలి, మైనం కరిగించి తీయాలి, రేకులు కడగాలి, కొత్త మూతలు అతకాలి. అన్నిటికంటే కష్టం మామయ్య చెయ్యి. తెలిసీ తెలిసీ మళ్లీ పోసేది. మొదటి రోజు ఇంజినీరమ్మ పరీక్షించి చూస్తే సగం బంతులు గీత దాటి ఉన్నాయి. ఆయన తన చేతిని తనే తిట్టుకున్నాడు, ఒకసారి మణికట్టుకు గుడ్డ కట్టుకుని చూశాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని నాన్న దెప్పాడు. ప్రతి ఒలికిన చుక్కా ఆ గదిలో ఇంకో రోజు ఉండమంటున్నట్టే ఉండేది.

అప్పుడు ఆయనే ఒక ఉపాయం పట్టాడు. పక్కన ఖాళీ డబ్బా పెట్టుకున్నాడు. గుంట చూడగానే చెయ్యి వంగబోతుంటే, గరిటెను పక్కకు తిప్పి ఆ చుక్కలు డబ్బాలో పోసేవాడు. బంతికి మూత. మళ్లీ గుంట, మళ్లీ డబ్బాలో చుక్కలు, మళ్లీ మూత. "ఆగమంటే ఆగదు, పోనీ పక్కకు పొమ్మంటే పోతోంది" అన్నాడు నాతో. సాయంత్రానికి డబ్బా నిండేది, దాన్ని మళ్లీ తొట్టెలో వంచేవాడు. ఎవరికీ చెందని కొసరు.

పంట మిల్లుకు వచ్చింది. మిల్లావిడ స్వయంగా వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది. పేర్చిన బంతుల వరసలు చూసింది, ఇంకా నింపాల్సిన డొల్లల గుట్ట చూసింది. "నా తిప్పలు నావి నాయనా. రేపే జనం వస్తారు. మా అక్క కొడుకుని కూర్చోబెడుతున్నాను, ఏమనుకోకు" అంది. మామయ్య గరిటె కింద పెట్టకుండానే, "మంచి పని చేశారమ్మా. కుర్రాడు పనికొస్తాడు" అన్నాడు. ఆవిడ వెళ్లాక కిటికీలోంచి చూస్తున్నట్టు షెడ్డు గోడ వైపు చూశాడు. ఆ వైపు గోడకు కిటికీ లేదు. నాకు ఎంత దుఃఖం వచ్చిందంటే, అక్కడున్న ఖాళీ డొల్లను కాలితో తన్నాను.

ఇంకొన్నాళ్లకు ఒకరోజు నేను గమనించాను. డబ్బా ఖాళీగా ఉంది. అడుగున పాత మైనం ఎండి ఉంది, కొత్త చుక్క లేదు. మామయ్య గీత దాకా పోస్తున్నాడు, చల్లారనిస్తున్నాడు, గుంట చూస్తున్నాడు, మూత పెడుతున్నాడు. చెయ్యి ఎటూ తిరగడం లేదు. ఇంజినీరమ్మ సంతోషించింది, నాన్న సంతోషించాడు. నాకు మాత్రం ఇంట్లో ఎవరికో ఏదో అయినట్టు అనిపించింది.

ట్యాంకు పని చేసింది. పురుళ్ల వార్డు ఆయా మళ్లీ ఫోన్ చేసి, చివరి బకెట్ కూడా పొగలు కక్కుతోందని, పిల్లల తల్లులు మిమ్మల్ని దీవిస్తున్నారని చెప్పింది. ఆసుపత్రి వాళ్లు ఒప్పుకున్నారు. వాళ్లను చూసి ఒక హాస్టలు, ఒక బట్టలుతికే కార్ఖానా అడిగాయి. నాన్న మామయ్యను కౌగలించుకుని, వచ్చినవాళ్లందరి ముందూ, "మా బావమరిది చెయ్యి చూడండి, తూకం తప్పదు. వీడు లేకపోతే నా షెడ్డు లేదు" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. తలుపుకు ఆఖరి గడియ పడింది ఆ మెచ్చుకోలుతోనే. మరునాడు అమ్మ ఇనప పెట్టెలోంచి బట్టలు తీసి దండెం మీద వేసి, పెట్టెను మంచం కిందకు నెట్టింది. కొత్త తువ్వాళ్లు మాత్రం అలాగే మడతల్లో ఉంచింది.

ఇంజినీరమ్మ తరవాత పెద్ద కంపెనీకి వెళ్లింది. వెళ్లే ముందు మామయ్య కాళ్లకు దండం పెట్టబోతే ఆయన వెనక్కు గెంతాడు. నాకు పెళ్లయింది, నేనూ వెళ్లాను. అందరం వెళ్లాం, ఆయన ఉన్నాడు. నేను నాన్నతో చాలాసార్లు పోట్లాడాను. "వెళ్లొద్దని ఎవరన్నారే? అడగమను, పంపిస్తాను" అనేవాడు. నిజమే. ఎవరూ అనలేదు. మామయ్యను అడిగితే, "ఇప్పుడెక్కడికే? ఆర్డర్లున్నాయి కదా" అనేవాడు. ఆ నవ్వు పొర వెనక ఏముందో కోసి చూసే రంపం నా దగ్గర లేదు.

మొన్న వెళ్లినప్పుడు అమ్మ పెద్ద డబ్బాతో నూనె తెప్పించింది. ఆవిడకు చేతులు వణుకుతున్నాయి, సీసాల్లో పోయమని తన తమ్ముణ్ణి పిలిచింది. మామయ్య మెట్ల గదిలోనే పీట వేసుకుని కూర్చున్నాడు. నేను సీసాలు అందిస్తున్నాను. ఒక్కొక్క సీసాలో మెడ దాకా పోసి, వేలెడు వెలితి ఉంచి, ధార టక్కున ఆపుతున్నాడు. అన్నిటికీ ఒకే వేలెడు. ఒక్క చుక్క అటూ ఇటూ లేదు. అమ్మ గుమ్మంలోంచి చూసి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

చివరి సీసాకు మూత పెట్టాడు. నేను ఆగలేకపోయాను. అరచెయ్యి చాపాను.

ఆయన దాని వైపు అర్థం కానట్టు చూశాడు. ఏదైనా దెబ్బ తగిలిందేమో చూపిస్తున్నాననుకున్నట్టున్నాడు, కొంచెం వంగి చూశాడు. నేను చెయ్యి తియ్యలేదు. షెడ్డులో తొట్టె మరుగుతున్న చప్పుడు వినబడుతోంది. కాసేపటికి ఆయన మొహం నెమ్మదిగా, నడుమ నుంచి కరిగినట్టు మారింది. కొలపాత్రలో అడుగున మిగిలిన నూనెను చూశాడు. చెయ్యి వంగింది. నాలుగు చుక్కలు పడ్డాయి. ఆగాడు. నా కళ్లలోకి చూశాడు.

"చాలా?" అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

"అయితే ఇంకాస్త పట్టు" అని, మామయ్య అరచెయ్యి నిండి, వేళ్ల సందుల్లోంచి కారి, గచ్చు మీద పడేదాకా పోస్తూనే ఉన్నాడు.